పడమటి గోడ మీది వైరు

గొప్పలు చెప్పుకుంటున్నాడని మీరు అనుకుంటే అనుకోండి, కేబుల్ డ్రెస్సింగ్‌లో మా డిపార్ట్‌మెంటులో నన్ను మించినవాడు లేడు. డ్రెస్సింగ్ అంటే ప్యానెల్ లోపలికి వచ్చే వైర్లన్నిటినీ ఒక వరసలో పెట్టి, ఒకదాని మీద ఒకటి పడకుండా, మూల వచ్చినచోట సరిగ్గా మూలలాగే తిప్పి, పళ్లున్న ప్లాస్టిక్ ట్యాగులు వేసి బిగించడం. స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్న పని అదే. నేను సర్దిన ప్యానెల్ తలుపు తీస్తే దువ్వి అల్లిన జడలాగ ఉంటుంది. పెద్దాఫీసర్లెవరైనా చూడ్డానికి వస్తే మా ఇంజినీరు గారు వాళ్లని తిన్నగా నా ప్యానెల్ దగ్గరికే తీసుకొచ్చేవారు. నేను పక్కన ఏమీ పట్టనట్టు నిలబడేవాణ్ణి గానీ చెవులు రెండూ అక్కడే ఉండేవి.

నాకు కోపం కూడా అదే లెక్కలో ఉంటుంది. ఎక్కడైనా లూజు వైరు కనిపిస్తే ఒళ్లు మండిపోతుంది. కరెంటు పనిలో సగం రోగాలకి లూజు కాంటాక్టే కారణం. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజు నేను చెప్పే మాట ఒక్కటే, బిగించు. రెండో మాట, ఏదైనా పాడైతే ముందుగా అడగాల్సింది ఆఖరిగా మార్చింది ఏమిటి అని. ఈ రెండు మాటల మీదే నా ఉద్యోగం నడిచింది. ఇంట్లో కూడా ఇవే చాలనుకున్నాను.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టులో పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను పుట్టిందీ పెరిగిందీ విశాఖపట్నంలోనే. మా ఆవిడది సబ్బవరం దగ్గర పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఆ ఊళ్లో డిగ్రీ దాకా లెక్కలు చదివిన మొదటి ఆడపిల్ల తనే. పెళ్లయి గోపాలపట్నం వచ్చాక ముందుగదిలో చాప పరిచి ట్యూషన్లు మొదలుపెట్టింది. ఇరవై ఏళ్లకు పైగా చెప్పింది. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు ఇప్పుడు బజార్లో ఎదురుపడితే బండి ఆపి నమస్కారం పెడతారు. ఆ నమస్కారం ఆమెకే, సంచీలు మోస్తూ వెనకాల నడిచే నాకు కాదు.

నేను మాత్రం ఆమె పాఠం ఒక్కరోజు కూడా వినలేదు. పిల్లలు వచ్చే వేళకి నేను షిఫ్టులో ఉండేవాణ్ణి, లేదంటే షిఫ్టు నుంచి వచ్చి పడుకునేవాణ్ణి. ఇల్లంతా గోలగా ఉందని విసుక్కున్న రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

కిందటేడు వానాకాలం మొదట్లో ఆమెకు ఒక ఫోన్ వచ్చింది. ద్వారకా నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు పదో తరగతి పిల్లలకి ఇంటర్నెట్‌లో లెక్కల క్లాసు పెడుతున్నారు. పిల్లలు పాడేరు, చోడవరం, టెక్కలి అలా ఎక్కడెక్కడివాళ్లో. అక్కడ పనిచేసే ఒకమ్మాయి మా ఆవిడ పాత శిష్యురాలు. ఆమె చెప్పిన మాట మీద సెంటర్ ఇన్‌ఛార్జ్ మా ఆవిడని పిలిచి మాట్లాడాడు. రోజూ సాయంత్రం ఐదింటి నుంచి ఆరింటి వరకు, ఇంట్లోంచే చెప్పొచ్చు, ఒక నెల చూసి నచ్చితే బ్యాచ్ మీదే అన్నాడు.

ఆరోజు మా ఆవిడ బస్సు దిగి ఇంటికి వచ్చిన తీరు నాకు గుర్తుంది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

"అరవై మంది పిల్లలంట. మన ముందుగదిలో పదిహేనుమంది కంటే ఎప్పుడూ పట్టలేదు కదండీ."

ఆమెకు సంతోషం వస్తే మాటలు తగ్గిపోతాయి. ఆ ఒక్కమాటకే నాకు ఛాతీ పొంగింది. నువ్వు పాఠం సంగతి చూసుకో, గది సంగతి నాకు వదిలెయ్ అన్నాను.

రెండు రోజులు సెలవు పెట్టి ముందుగది తయారుచేశాను. పడమటి గోడకి తెల్లబోర్డు బిగించాను. దాని మీద వెలుగు పడేలా రెండు లైట్లు పెట్టాను. బోర్డు ముందు నిలబడితే ల్యాప్‌టాప్‌లో మనిషి నిండుగా కనపడేలా బల్ల ఎత్తు సరిచేశాను. అన్నీ అయ్యాక నా కన్ను ఇంటర్నెట్ వైరు మీద పడింది. ఏడాది కిందట కనెక్షన్ ఇచ్చిన మనిషి మిగిలిపోయిన వైరుని గుండ్రంగా పెద్ద చుట్ట చుట్టి, గోడకి ఒక మేకు కొట్టి తగిలించి వెళ్లిపోయాడు. ఆ చుట్టని చూసినప్పుడల్లా నాకు తిక్క రేగేది. అరవై మంది పిల్లలు చూసే గోడ మీద అదేమిటి?

అందుకని దానికీ డ్రెస్సింగ్ చేశాను. సన్నటి ప్లాస్టిక్ కేసింగ్ తెచ్చి, గోడ పొడవునా రూళ్లకర్రతో గీసినట్టు బిగించాను. మూడు మూలలు వచ్చాయి, మూడింటినీ కత్తిరించినట్టు తిప్పాను. మిగిలిన వైరుని చీర కుచ్చిళ్లలాగ మడతలు పెట్టి, ట్యాగులతో గట్టిగా కట్టి, కేసింగ్ లోపలికి తోసేసి మూత నొక్కాను. మా ఆవిడ వచ్చి చూసి చేత్తో తడిమింది. చాలా బాగుందండి అంది. నాకు ప్యానెల్ ముందు నిలబడ్డ రోజులు గుర్తొచ్చాయి.

మొదటి మూడు రోజులు మబ్బుగా ఉండి చల్లగా గడిచాయి, క్లాసులూ బాగానే జరిగాయి. నాలుగో రోజు పాఠం మధ్యలో నెట్ పోయింది. వైరు వచ్చి చేరే రూటర్ డబ్బా మీద ఎర్రలైటు కొట్టుకుంటోంది. పది నిమిషాలకి వచ్చింది, మళ్లీ పోయింది. ఐదో రోజూ అంతే. మా ఆవిడ ఫోన్‌లో నెట్ పెట్టుకుని క్లాసు నడపబోతే బొమ్మ నిలిచిపోయేది, బోర్డు మీద రాసినవి పిల్లలకి కనపడేవి కావు.

ఇక నేను రంగంలోకి దిగాను. ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. అవతల రికార్డు చేసిన గొంతు ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంటే దానితోనే పోట్లాడాను. డబ్బా ఆపి మళ్లీ వెయ్యమంది. అది నాకు తెలియదా? అడాప్టర్ మార్చాను. ఇన్వర్టర్ నుంచి వేరే లైను లాగాను. ప్లగ్గు విప్పి తుడిచాను. ఆ తర్వాత నేరం ఊరి మీదికి నెట్టాను. సముద్రం గాలికి ఉప్పు పట్టిందన్నాను. పోర్టు నుంచి వచ్చే బొగ్గుదుమ్ము అన్నాను. పక్కింటివాళ్ల నీళ్లమోటారు అన్నాను, వాళ్లతో ఓ మాట పట్టింపు కూడా వచ్చింది. అన్నిటికంటే ఎక్కువసార్లు అన్నది మాత్రం వాన అని. వానాకాలంలో వైర్లు తడుస్తాయి కదా, ముప్పై ఏళ్లుగా చూస్తున్నవాణ్ణి, నాకు తెలియదా అని నా ధీమా.

ఇన్ని చేస్తూ నెట్ పోయిన ప్రతిసారీ నేను చేసిన పని ఇంకొకటుంది. కేసింగ్ మూత తీసి ట్యాగులు ఇంకో పన్ను బిగించేవాణ్ణి. ఎక్కడో లూజుగా ఉండుంటుందని నా నమ్మకం.

కనెక్షన్ ఇచ్చిన మనిషిని రెండుసార్లు పిలిపించాను. నలభై ఏళ్లుంటాయి, వెనకటికి కేబుల్ టీవీ లైన్లు లాగేవాడు. నెమ్మదస్తుడు, చుట్టరికం లేకపోయినా నన్ను బావా అనే పిలుస్తాడు. రెండుసార్లూ పొద్దుటిపూటే వచ్చాడు. బయట గోడ మీదున్న డబ్బాలో సిగ్నల్ కొలిచే మీటరు పెట్టి చూసి బాగానే ఉందన్నాడు. లోపలికి వచ్చి చూస్తే పచ్చలైటు నిక్షేపంగా వెలుగుతోంది. పొద్దున్న ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. రెండోసారి వచ్చినప్పుడు అతను కేసింగ్ దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు.

"బావా, పనైతే మా బాగుంది. కానీ ఈ మూలకాడ మడత ఎక్కువైపోనాది. మూత తీసి ఓసారి సూద్దావా?"

"చూడక్కర్లేదు," అన్నాను. "నువ్వు మేకుకి తగిలించి పోయిన దాన్ని మనుషులు చూసేలా చేశాను. నా పని మీద చెయ్యి వెయ్యకు. నీ లైను చూసుకో."

అతను బ్యాగు సర్దుకుని, అవసరమైతే ఫోన్ చెయ్యి బావా అని వెళ్లిపోయాడు. నేను చాలా సరిగ్గా బుద్ధి చెప్పానని లోపల సంతోషించాను.

మూడు వారాలు ఇలా గడిచాయి. ఆ శుక్రవారం ఇన్‌ఛార్జ్ ఫోన్ చేశాడు. మా ఆవిడ వంటింట్లో నిలబడి మాట్లాడింది. అవునండి, తెలుసండి, సరేనండి, ఇవే మాటలు. ఫోన్ పెట్టేసి స్టవ్ కట్టేసింది.

"పిల్లల తల్లిదండ్రులు గొడవ పడతన్నారంట. సోమవారం క్లాసులో ఆయనే కూర్చుంటారంట. ఆరోజు కూడా ఆగిపోతే ఇంకో సార్‌కి ఇచ్చేత్తామన్నారు."

నేను ఎప్పటిలాగే ఇంటర్నెట్ కంపెనీని తిట్టడం మొదలుపెట్టాను. ఆమె ఆపమన్నట్టు చెయ్యెత్తింది.

"తిట్టడం తర్వాత. మీరు రాసిన పుస్తకం ఇలా ఇవ్వండి ముందు."

పుస్తకం అంటే లాగ్‌బుక్. ప్లాంటులో ప్రతి షిఫ్టుకీ రాస్తాం. ఏ గంటకి ఏది ఆగింది, అప్పుడు ఏం నడుస్తోంది, ఎవరు చూశారు, ఏం చేశారు. ఆ అలవాటుతోనే మొదటిసారి నెట్ పోయిన రోజు నుంచి ఒక నోటుపుస్తకంలో రోజూ అన్నీ రాస్తున్నాను. నేను షిఫ్టులో ఉన్న రోజుల్లో ఆమె చేత రాయించేవాణ్ణి. పోయిన గంట, వచ్చిన గంట, వాన ఉందా లేదా, నేను ఏం బిగించాను. పేజీలు నిండుతున్నకొద్దీ నాకు భలే తృప్తిగా ఉండేది. తిరగేసి చదివింది మాత్రం ఎప్పుడూ లేదు.

మా ఆవిడ శనివారం పొద్దున్న దాన్ని ముందేసుకుని కూర్చుంది. ఒక తెల్లకాగితం మీద గీతలు గీసి పట్టిక వేసింది. లెక్కల టీచరు కదా, పెన్సిలు చెవిలో దోపుకుని మరీ కూర్చుంది. నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తూ చూస్తున్నాను. ఒక గంటకి నన్ను పిలిచింది.

"ఏటండీ, వాన వల్ల పోతందని కదా మీరన్నారు?"

"అవును."

"వాన పడిన రోజులు ఆరు. ఆ ఆరు రోజుల్లోనూ నెట్ ఒక్కసారీ పోనేదు. ఎండ కాసిన రోజే పోతంది. అదీ పొద్దున్న కాదు, నాలుగు దాటేకే. పొద్దుగూకేకే మళ్లీ సరిగ్గా వత్తంది."

నేను కాగితం చూశాను. వివరాలు నా పుస్తకంలోవే, లెక్క ఆమెది. ఆరు వానరోజుల పక్కనా ఖాళీయే. ముప్పై ఏళ్ల అనుభవంతో నేను చెప్పిన కారణాన్ని నేను రాసిన పుస్తకమే కాదంటోంది. ఆ సంగతి మూడు వారాలుగా నా చేతి కిందే ఉంది.

ఆమె లేచి బోర్డు దగ్గరికి వెళ్లింది. అరచెయ్యి గోడ మీద ఆనించింది.

"ఇది పడమటి గోడ. సాయంత్రం ఎండ దీని మీదే. నాను పాఠం సెప్తన్నప్పుడు వీపు కాలిపోద్ది. ఎండకి వేడెక్కేదేదో ఈ గోడ మీదే ఉండాల."

ఆమె పుస్తకం మొదటి పేజీ తీసింది. తేదీ మీద వేలు పెట్టింది.

"ఈ పేజీకి ముందు ఏడాదంతా నెట్ బాగానే ఉంది కదా. మీరు కొత్తగా వచ్చినోళ్లకి ఓ మాట సెప్తారు గదా, నాతో కూడా వందసార్లు అన్నారు. ఆఖరిగా మార్చింది ఏటి?"

ఆమె గొంతులో వెటకారం లేదు. పిల్లాడిని బోర్డు దగ్గరికి పిలిచి, వాడి చేతే జవాబు రాయించే మనిషి గొంతు అది. నాకు తల తీసేసినట్టయింది. ఆఖరిగా మార్చింది ఏమిటో నాకు తెలుసు. పుస్తకంలో లేని పని అదొక్కటే. అది మరమ్మతు కాదు కదా, అలంకారం కదా అని రాయలేదు.

కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక చెప్పులు వేసుకుని బజారు దాకా పోయి వచ్చాను. గోపాలపట్నం కూడలి దాకా నడిచి, ఒక టీ తాగి, ఆ దుకాణం ముందు వేలాడుతున్న వైర్ల గుత్తిని చూసి మనసులో తిట్టుకుని వెనక్కి వచ్చాను. అప్పటికి కోపం దిగింది. దిగాక మిగిలింది సిగ్గు. ఆమె కోసమని ఇష్టంగా చేసిన పనే ఆమె నోటి దగ్గరది లాగేస్తోంది.

ఫోన్ తీసి ఆ లైను మనిషికి చేశాను. నేను ఎవరికైనా క్షమాపణ చెప్పి ఎన్నేళ్లయిందో గుర్తులేదు.

"బావా, ఆరోజు నేను అన్నది తప్పు. రేపు సాయంత్రం నాలుగింటికి ఓసారి రాగలవా? ఎండ ఉన్నప్పుడే రావాలి."

"వత్తాను బావా. దానికేటి," అన్నాడు.

ఆదివారం అదృష్టం కొద్దీ ఎండ పెళపెళలాడింది. జీవితంలో మొదటిసారి, మా ఇంట్లో నెట్ పోవాలని ఎదురుచూశాం. నాలుగున్నరకి ఎర్రలైటు కొట్టుకుంది. అతను బయట డబ్బాలో మీటరు పెట్టి చూశాడు, బాగుంది. లోపల వైరు కొసకి పెట్టి చూశాడు, ఆ రెండింటికీ మధ్య పోలికే లేదు. మీటరు నాకు చూపించాడు. తప్పంతా ఈ గోడ మీద నేను సర్దిన పది అడుగుల్లోనే ఉంది.

"దీన్లో కరెంటు ఉండదు బావా," అన్నాడతను నెమ్మదిగా. "లోపల ఉన్నది గాజు దారం. దాన్లోంచి వెలుగు పోతాది. నువ్వు గట్టిగా మడిసినకాడ వెలుగు బయటికి కారిపోతంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో అలాగ నడిసిపోతంది. ఎండకి ఈ ప్లాస్టిక్ సాగి ఇంకా నొక్కుతంది, అప్పుడు పడిపోతంది. రాగితీగకి బిగించాల. దీనికి బిగించకూడదు."

ముప్పై ఏళ్లు బిగించమని చెప్పిన నోరు మూసుకుని విన్నాను. అతను మూత తియ్యబోతే ఆపాను. నేను బిగించింది నేనే విప్పుతానన్నాను.

మా ఆవిడ డబ్బా ముందు కూర్చుని లైటు చూస్తోంది. నేను స్టూలెక్కి మూత ఊడదీసి, ట్యాగులు ఒక్కొక్కటే కత్తిరించాను. మూడు వారాలుగా పదేపదే బిగించినవి, లోపలికి కూరుకుపోయి ఉన్నాయి. మొదటి మూల వదిలాను. ఎర్రలైటు ఆగలేదు. రెండో మూల వదిలాను. ఆగలేదు. కుచ్చిళ్లలాగ మడిచిన వైరుని బయటికి తీసి, మడతలు ఒక్కొక్కటే వదులు చేస్తుంటే వెనకనుంచి ఆమె గొంతు వినిపించింది.

"వచ్చీసింది."

వెనక్కి తిరిగి చూశాను. పచ్చలైటు. ఎండ ఇంకా గోడ మీదే ఉంది, గోడ ఇంకా కాలుతూనే ఉంది. అతను మీటరు పెట్టి చూసి తలూపాడు.

కేసింగ్ మొత్తం ఊడబీకేశాను. గోడ పెయింటు అక్కడక్కడ పెచ్చులు లేచింది. అన్నం పళ్లెం కంటే చిన్న చుట్ట చుట్టొద్దు అని అతను చెప్పినట్టే, మిగిలిన వైరుని పెద్ద చుట్ట చుట్టి బోర్డు పక్కన మేకుకి తగిలించాను. మూలల దగ్గర గుండ్రంగా వదిలేశాను. అది గోడకి అంటకుండా గాలిలో వేలాడుతోంది. ఇలాంటి పని ప్లాంటులో ఎవరైనా చేసుంటే ఆ రోజు వాడికి నా చేతిలో తిట్లే తిట్లు. లాగ్‌బుక్ తీసి కారణం అన్నచోట, నేనే, అని రాసి సంతకం పెట్టాను. రాసేటప్పుడు చెయ్యి కాస్త బరువైంది గానీ, రాశాక తేలికపడింది.

"చూడ్డానికి ఏం బాగోలేదు," అన్నాను మా ఆవిడతో.

"ఉండనీండి," అంది.

సోమవారం నాకు ఉదయం షిఫ్టు. రెండింటికి డ్యూటీ దిగి తిన్నగా ఇంటికి వచ్చేశాను, పడుకోలేదు. అదృష్టమో దురదృష్టమో, ఆరోజూ మబ్బు తునక లేదు. ఐదింటికి ఆమె గదిలోకి వెళ్లింది. ఇస్త్రీ చేసిన నేతచీర కట్టుకుంది. తలుపు ఓరగా వేసింది. నేను హాల్లో తలుపు పక్కన కుర్చీ వేసుకున్నాను. కూర్చున్నది నెట్ పోతుందేమోనన్న భయంతో. కాసేపటికి నెట్ సంగతి మరిచిపోయాను.

ఆరోజు పాఠం నిచ్చెన లెక్క. గోడకి నిచ్చెన ఆనించారు, నిచ్చెన పొడవు తెలుసు, అడుగు ఎంత దూరంలో ఉందో తెలుసు, గోడ ఎత్తు ఎంత? ఆ లెక్క నాకూ బళ్లో చెప్పారు, ఒక్క ముక్కా ఎక్కలేదు. మా ఆవిడ ముందు సూత్రం చెప్పలేదు. మీలో ఎవరి ఇంట్లో నిచ్చెన ఉంది అని అడిగింది. పాడేరు వైపు పిల్ల ఒకతి మా ఇంట్లో ఉంది మేడమ్ అంది. ఎక్కేటప్పుడు కింద ఎవరు పట్టుకుంటారు, మరీ దూరంగా పెడితే ఏమవుతుంది, మరీ దగ్గరగా పెడితే ఏమవుతుంది, ఇలా ఆ పిల్ల చేతే చెప్పించుకుంటూ వచ్చింది. తప్పు చెప్పినవాణ్ణి కసరలేదు. నువ్వు అన్నదే నిజమైతే చూద్దాం అని వాడి తప్పుతోనే లెక్క చేయించి, చివరికి వాడే నవ్వుకునేలా చేసింది. ఇంట్లో 'సూడండి, సెప్తన్నాను' అనే మనిషి, క్లాసులో 'చూడండి, చెబుతున్నాను' అంటూ ఎంత నిబ్బరంగా నడిపించిందో. పావుగంట తిరక్కుండా ఆ లెక్క నాకు అర్థమైపోయింది. యాభై ఏడేళ్ల వయసులో, హాల్లో కుర్చీలో కూర్చుని.

ఇరవై ఏళ్లు ఈ గొంతు ఇదే ఇంట్లో పలుకుతుంటే నేను దిండు చెవుల మీద పెట్టుకుని పడుకున్నాను. నాకు బాధా వేసింది, అంతకు పదింతలు గర్వమూ వేసింది. ఈవిడ మా ఆవిడ అని వీధిలోకి వెళ్లి ఎవరికైనా చెప్పాలనిపించింది.

ఆరయ్యింది. ఒక్కసారి కూడా ఆగలేదు. పిల్లలు ఒకళ్ల మాట మీద ఒకళ్లు థాంక్యూ మేడమ్ అంటున్నారు. ఇన్‌ఛార్జ్ గొంతు అప్పటిదాకా వినిపించలేదు, అప్పుడు వినిపించింది.

"మేడమ్, చాలా బాగా చెప్పారు. ఇక ఈ బ్యాచ్ మీదే. నాకు ఇంకో అనుమానం లేదు. ఒక్క చిన్న మాట. మీ వెనకాల గోడ మీద ఆ వైరు వేలాడుతోంది చూడండి, కాస్త ఎవరిచేతైనా సర్దించండి. స్క్రీన్ మీద బాగోలేదు."

కుర్చీలో నేను కుంచించుకుపోయాను. నా పని చూసి బాగోలేదన్న మాట ముప్పై ఏళ్లలో వినలేదు. పిల్లలంతా ఇంకా లైనులోనే ఉన్నారు. మా ఆవిడ క్లాసు భాష వదిలేసి, ఇంటి భాషలో మాట్లాడింది.

"అది మా ఇంటాయన సేసిన పనండి. ముప్పై ఏళ్ల నుంచి కేబుల్ పనే సేత్తన్నారు. బిగించడం ఆయనకి వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. అలాటి మనిషి దీన్ని వదులుగా వదిలీసినారంటే, నా క్లాసు ఆగకూడదనే వదిలినారు. దాన్ని నాను ఎవరినీ ముట్టుకోనివ్వనండి."

ఇన్‌ఛార్జ్ ఏదో సర్దుకుని అన్నాడు, నాకు సరిగ్గా వినపడలేదు. నేను లేచి వంటింట్లోకి వెళ్లి ఆమెకి టీ పెట్టాను. నేను చేసిన పనిని మెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. నేను విప్పేసిన పనిని చూసి గర్వపడింది మాత్రం ఆమె ఒక్కతే.